అర సెకను

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఫోను మరదలు ఎత్తింది.

"ఫిజియోథెరపీ నుంచండీ. పేషెంటు మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. వారానికోసారి చేతి వ్యాయామం చేయించాలని డాక్టరుగారు రాశారు. మానేశారా ఏంటి?"

"మానేయలేదండీ. వదినా, మీరు ప్రతి సోమవారం వెళ్తున్నారుగా?"

"వెళ్తూనే ఉన్నాను. ఖాళీలుండట్లేదు. అదే చెప్పు," అంది వదిన తలెత్తకుండా.

మరదలు అదే చెప్పింది. అవతలి గొంతు, ఖాళీలు లేకపోవడమేంటండీ అని గొణిగి, సరే ఈసారి తప్పకుండా పంపండి అని పెట్టేసింది.

వదిన ఒక తువ్వాలు మడిచింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచింది. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడంచేత్తో దాని మణికట్టు పట్టుకుని, అంచుమీద అంచు వచ్చేదాకా లాగింది. ముప్పై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. కోట్లు, స్కూలు యూనిఫారాలు, పెద్ద పెద్ద తెరలు, ఆమె చేతిలో కుట్టు తప్పిన గుడ్డ లేదు. రెండేళ్ళ కిందట వణుకు మొదలయ్యాక దుకాణం మూసి తమ్ముడింటికి వచ్చింది. తమ్ముడు ఈ నెలంతా పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరే.

"ఈ సోమవారం నేనూ వస్తాను," అంది మరదలు.

"నీకు ఆఫీసు లేదూ?"

"ఓ పూట సెలవు పెడతాను."

"నన్నేమన్నా బళ్ళో వేయడానికా, పక్కన మనిషి కావడానికి?" అని వదిన నవ్వి, ఇంకో తువ్వాలు అందుకుంది.

ఈ మరదల్ని ఆఫీసులో అందరూ ఎముకలక్క అంటారు. వెబ్ పేజీల్లో వాడే భాగాలు తయారుచేయడం ఆమె పని. నొక్కితే తెరుచుకునే జాబితా, తేదీ ఎంచుకునే పట్టిక, పేజీమీద తేలే చిన్న పెట్టె, ఇలాంటివి. ఆమె చేసే వాటికి రంగుండదు, అంచులకి వంపుండదు, అక్షరాలకి అందముండదు. తెరుచుకోవడం, మూసుకోవడం, చిన్న ఫోనులో ఇమిడిపోవడం, పెద్ద తెరమీద పరుచుకోవడం, ఆ నడక మాత్రమే ఉంటుంది. కొనుక్కున్నవాళ్ళు వాటికి ఎవరి రంగులు వాళ్ళు తొడుగుతారు. ఒకే జాబితా బ్యాంకులో ఆకుపచ్చగా ఉంటుంది, బట్టల దుకాణంలో గులాబీరంగులో ఉంటుంది. "చర్మం లేదు, కండ లేదు, ఉత్త ఎముకలు" అని రంగుల విభాగంలో ఎవరో ఎగతాళి చేశారు. పేరు అలా అతుక్కుపోయింది. ఆమెకి అది ఇష్టమే. ఎముకల్లేనిదే ఏం నిలబడుతుందిలే అనుకునేది.

*

సోమవారం తొమ్మిదిన్నరకి ఆసుపత్రి హాలు నిండుగా ఉంది. వ్యాయామానికి సమయం కావాలంటే కౌంటర్లో ఇవ్వరు. హాల్లో గోడవారగా మూడు బల్లలు, వాటిమీద మూడు తెరలు. కార్డు గీకి, తెరమీద విభాగం, తేదీ, సమయం ఎంచుకుంటే చీటీ వస్తుంది. వేలితో ముట్టుకుంటే పలికే తెరలు కావు. బల్లకి గొలుసుతో కట్టిన మౌస్ ఒకటి ఉంటుంది, అంతే.

వరసలో నిలబడ్డాక వదిన ఉన్నట్టుండి, "దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?" అంది.

నీళ్ళు హాలుకి ఆ చివర ఉన్నాయి. ఎముకలక్క సీసా నింపుకుని వెనక్కి వచ్చేసరికి వదిన అప్పటికే తెరముందు నిలబడి ఉంది. వీపు కనిపిస్తోంది. భుజాలు బిగబట్టి, ఎడంచేత్తో కుడి మణికట్టుని బల్లకేసి నొక్కిపట్టుకుంది. మౌస్ కింద గొలుసు సన్నగా గలగలమంటోంది.

తెరమీద తేదీల జాబితా తెరుచుకుంది. బాణం గుర్తు మెల్లగా మూడో వరస దాకా దిగింది. చెయ్యి ఒక్కసారి అదిరింది. బాణం జాబితా అంచు దాటి వెంట్రుకవాసి బయటికి పోయింది. జాబితా ఠక్కున మూసుకుంది.

వదిన మళ్ళీ తెరిచింది. నాలుగో వరస. అదురు. మూసుకుంది.

మళ్ళీ.

వెనక ఉన్నాయన గట్టిగా నిట్టూర్చాడు. తెర తనంతట తానే తెల్లబడి, గడువు దాటింది, మొదటినుంచి మొదలుపెట్టండి అంది. వదిన మళ్ళీ కార్డు గీకబోతుంటే నీలం చొక్కా వేసుకున్న హాలు సహాయకుడు వచ్చాడు.

"అమ్మా, రాకపోతే పక్కకి జరగండి. వెనక జనం ఉన్నారు."

"అయిపోయింది బాబూ, అయిపోయింది," అంటూ వదిన కార్డు సంచిలో వేసుకుంది. వేసుకుంటుంటే రెండుసార్లు సంచి అంచుకి తగిలింది. వెనక్కి తిరిగి మరదల్ని చూసింది. మొహంమీదికి నవ్వు తెచ్చుకుంది.

"చూశావా, ఖాళీల్లేవు. పద పోదాం."

ఎముకలక్క కదల్లేదు. ఆమె చూపు తెరమీదే ఉంది. వెనకాయన తేదీల జాబితా తెరిచాడు. ఆసుపత్రి నీలం, గుండ్రటి అంచులు, పెద్ద పెద్ద అక్షరాలు. ఇంతకుముందెప్పుడూ చూడని బట్టలు అవి. కానీ నిండిపోయిన తేదీల మీదుగా బాణం దిగుతున్నప్పుడు, ఎంపిక గుర్తు వాటిమీద ఆగకుండా కింది వరసకి రవ్వంత ఆలస్యంగా దూకింది. ఆ తడబాటు ఆమెకి తెలుసు. ఎప్పటికైనా సరిచేద్దామనుకుని వదిలేసిన తడబాటు. కూతురు ఎవరి చీర కట్టుకుని దూరంగా పోతున్నా తల్లి నడకని బట్టి పోల్చినట్టు, ఆమె దాన్ని పోల్చుకుంది.

"ఒక్క నిమిషం ఉండండి వదినా," అని కార్డు తీసుకుని పక్క తెర దగ్గరికి వెళ్ళింది. నిమిషం పట్టలేదు. శుక్రవారం పదింటికి ఒకటి, పదకొండుకి ఒకటి, సాయంత్రం రెండు, ఖాళీలు బోలెడు. చీటీ వచ్చింది. ఆ తర్వాత కావాలని ఇంకోసారి జాబితా తెరిచి, బాణాన్ని అంచు దాటించింది. ఠక్కున మూసుకుంది. మళ్ళీ తెరిచింది. మూసుకుంది.

"ఉన్నాయా?" అంది వదిన పక్కన నిలబడి, నేలకేసి చూస్తూ.

"ఒకటి దొరికింది."

ఇద్దరిలో ఎవరూ మూడు నెలల మాట ఎత్తలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక వదినే అంది. "ఆ డబ్బా నాతో దాగుడుమూతలాడుతుందమ్మాయ్. పట్టుకుందామనేసరికి తలుపేసుకుంటుంది. పోనీ అనుకున్నా. గుప్పెడంత మౌస్‌ని నిలపలేని చెయ్యి ఇంక కత్తెరని ఏం నిలుపుతుంది? అందుకే నా పెద్ద కత్తెర కిందింటి అమ్మాయికి ఇచ్చేశాను. ఆ పిల్లయినా వాడుకుంటుంది."

"ఎప్పుడిచ్చారు?"

"పోయిన నెల. మిషను కూడా తీసుకుపొమ్మన్నాను, వాళ్ళింట్లో చోటు లేదంది."

"నాకు చెప్పలేదే?"

"చెప్పడానికేముంది? నా చేతి సంగతి నాకు తెలియదూ?"

ఎముకలక్క నోరు తెరిచింది. బస్సు కుదుపుకి అందరూ ముందుకి తూగారు. ఆమె నోరు మూసుకుంది. ఇంటికి వెళ్ళాక చెప్దాం అనుకుంది. ఇంటికి వెళ్ళాక, ముందు ఆఫీసులో సంగతి తేల్చుకుని చెప్దాం అనుకుంది.

*

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళి పాత రాతలన్నీ తవ్వింది. ఆ జాబితా మొదట అలా ఉండేది కాదు. బాణం బయటికి పోయినా అర సెకను ఆగేది. ఈలోగా బాణం తిరిగొస్తే తెరిచే ఉండేది. జాబితా మందకొడిగా ఉందని ఒకరిద్దరు కొనుగోలుదార్లు గొణిగితే ఆ అర సెకను తీసేసింది. తీసేసింది తనే. తేదీతో సహా అక్కడ రాసి ఉంది.

దాని కింద, వారం తర్వాత వచ్చిన ఫిర్యాదు ఒకటి ఉంది. రాసినవాడు తప్పులాయన. కొత్తగా చేసినదాన్ని బయటికి పంపేముందు వాడి చూసి తప్పులు పట్టడం ఆయన పని. కుడిచేత్తో చేసే పనిని ఎడంచేతికి ఉన్ని తొడుగు వేసుకుని చేసేవాడు. కళ్ళజోడు తీసేసి చదివేవాడు. ఒకసారి కుర్చీని నాలుగడుగులు వెనక్కి లాక్కుని, కర్రతో కీబోర్డు నొక్కుతుంటే ఆఫీసంతా పడీపడీ నవ్వింది. ఎముకలక్కా నవ్వింది.

ఫిర్యాదులో ఆయన ఇలా రాశాడు:

"చెయ్యి నిలకడగా లేనివాళ్ళకి ఈ జాబితా అందదు. తొడుగు వేసుకుని పదిసార్లు ప్రయత్నించాను. ఏడుసార్లు మూసుకుపోయింది. తీసేసిన అర సెకను మళ్ళీ పెడితే చాలు. పెద్ద పని కాదు. దయచేసి చూడండి."

కింద ఎముకలక్క జవాబు:

"ఇది లోపం కాదు. అనుకున్నట్టే పనిచేస్తోంది. ఫిర్యాదు మూసేస్తున్నాను."

ఆ రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. తలనొప్పిగా ఉందా, ఎవరితోనైనా గొడవపడిందా, పని ముంచుకొచ్చిందా? ఏదీ గుర్తు రాలేదు. మామూలు రోజు. మామూలు జవాబు. ఆ తర్వాత భోజనానికి వెళ్ళి ఉంటుంది. తప్పులాయన మరో నాలుగు నెలలు పనిచేశాడు. ప్రతిదానికీ కొర్రీలు పెడుతున్నాడని ఆయన ఒప్పందం పొడిగించలేదు. వెళ్ళిపోయేరోజున అందరి బల్లల దగ్గరికీ వచ్చి, వస్తానమ్మా అని చెప్పి వెళ్ళాడు.

సరిచేయడానికి గంట కూడా పట్టలేదు. అర సెకను తిరిగి పెట్టింది. అంతకంటే మంచిది ఇంకోటి చేసింది: ఒకసారి నొక్కి తెరిస్తే, మళ్ళీ నొక్కేదాకా జాబితా మూసుకోకుండా. ఎడంచేత్తో చేసి చూసింది. మౌస్ కింద పెన్సిలు పెట్టి, చెయ్యి అదురుతుండగా చూసింది. నిలబడింది.

మంగళవారం పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాడు. పిల్లలకి జ్వరమంటే అడక్కముందే ఇంటికి పంపే మనిషి. ఆమె చెప్పిందంతా విని తల ఊపాడు.

"బాగుందమ్మా. కానీ అందరికీ ఒకేసారి మార్చేస్తే నాలుగొందల చోట్ల నడక మారిపోతుంది. మాకు చెప్పకుండా ఎందుకు మార్చారని నా పీకమీద కూర్చుంటారు. దీన్ని విడిగా ఒక మీటలాగా పెడదాం. కావలసినవాళ్ళు వేసుకుంటారు."

"కావలసినవాళ్ళకి ఆ మీట కనబడదండీ. చెయ్యి వణికేవాళ్ళు వెబ్‌సైట్లు కట్టరు. కట్టేవాళ్ళ చేతులు వణకవు."

మేనేజరు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కదా?"

"ఒకాయన అడిగాడు. నేనే మూసేశాను."

ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు. చివరికి, వచ్చే పెద్ద విడుదలలో అందరికీ పెడదాం, అది మాత్రం మాటిస్తున్నాను అన్నాడు. పెద్ద విడుదల అంటే ఐదు నెలలు.

ఐదు నెలలు ఆగలేక బుధవారం ఆసుపత్రి వెబ్‌సైటు కట్టిన కంపెనీకి ఫోను చేసింది. ఎత్తిన కుర్రగొంతు మర్యాదగానే మాట్లాడింది.

"మీ జాబితానా? ఆ, మీదే మేడం. రెండేళ్ళ కిందట దింపుకుని మా కోడ్‌లో కలిపేసుకున్నాం. ఇప్పుడు మీరక్కడ ఎన్ని మార్చినా ఇక్కడికి రావు."

"నేనే వచ్చి మార్చిపెడతాను. ఊరికే చేస్తాను. రెండు వరసలు, అంతే."

"మీరు చేసినా నేను చేసినా పెట్టడానికి వీల్లేదు మేడం. ఆసుపత్రితో మా ఒప్పందం అయిపోయింది. ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉందో మాకే సరిగ్గా తెలీదు." ఆపైన, "అంత ముఖ్యమైన విషయమా మేడం? చూడ్డానికి బాగానే ఉంది కదా," అన్నాడు నిజంగానే తెలుసుకోవాలని.

ఆమె ఫోను పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేసినది ఎక్కడో తిరుగుతోంది, పిలిస్తే పలకదు. ఒకటే దారి మిగిలింది. మౌస్ లేకుండా కీబోర్డుతో నడిపితే ఆ జాబితా మూసుకోదు. పైకి బాణం, కిందికి బాణం, ఎంటర్. ఆ భాగం మాత్రం ఆమె ఎంతో మనసుపెట్టి చేసింది. కానీ ఆ హాల్లో బల్లలమీద కీబోర్డులు లేవు.

భోజనాల వేళ క్యాంటీన్ బయట నిలబడి తప్పులాయనకి ఫోను చేసింది. నంబరు మారి ఉంటుందనుకుంది. మారలేదు.

"ఎముకలమ్మా! ఎన్నాళ్ళకి! బాగున్నావా?"

"బాగున్నానండీ. మీరు?"

"ఓ బళ్ళో తలుపులు, బెంచీలు, కుళాయిలు చూసుకునే పని. ఇక్కడా తప్పులు వెతకడమే. కాకపోతే ఇక్కడ చెప్తే బాగుచేస్తారు." పకపకా నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం ఏమీ లేదు. అదే ఆమెకి కష్టంగా అనిపించింది.

జాబితా సంగతి చెప్పింది. ఆయన రాసిన ఫిర్యాదు, తను రాసిన జవాబు అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించింది. క్షమించండి అంది.

"ఏ ఫిర్యాదో నాకు గుర్తే లేదమ్మా. అలాంటివి వందలు రాశాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది నీకు?"

"మా వదిన చెయ్యి వణుకుతుందండీ. మూడు నెలలు ఆసుపత్రిలో..." మిగతాది చెప్పింది.

ఆయన వెనక పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఇంట్లోవాళ్ళకి అయ్యేసరికి కనబడిందన్నమాట," అన్నాడు. తిట్టినట్టు కాదు. ఎక్కడో కుళాయి కారుతోందని గమనించినట్టు అన్నాడు. "పోనీలే, అలాగైనా కనబడింది. ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"మరి నాకు చెప్తావేంటమ్మా? నేను ఆ రోజే మర్చిపోయాను. రోజూ గుర్తుపెట్టుకునేది ఆవిడ."

*

శుక్రవారం పదింటికి వ్యాయామం గదిలో వదిన ఒక చిన్న ఇనప పిడిని పిండింది. థెరపిస్టు పడుచుపిల్ల, జుట్టు పైకి ముడేసుకుంది. పిడికున్న ముల్లు చూసి పుస్తకంలో రాసుకుంది. ఇంకోసారి పిండమంది. మళ్ళీ రాసుకుంది.

"మూడు నెలల కిందట మీ చేతి పట్టు పద్దెనిమిది కిలోలు ఉందమ్మా. ఇప్పుడు పదకొండు."

"పెద్దదాన్నైపోయాను కదమ్మా," అంది వదిన.

"మూడు నెలల్లో ఎవరూ అంత పెద్దవాళ్ళైపోరు." థెరపిస్టు నవ్వి, వదిన వేళ్ళని ఒక్కొక్కటే చాపుతూ, నొప్పుందా, ఇక్కడ, ఇక్కడ అని అడిగింది. మెత్తటి మట్టి ముద్ద ఇచ్చి పిసకమంది. వదిన పిసుకుతుంటే ముద్దమీద వేళ్ళ అచ్చులు పడీపడనట్టు పడ్డాయి.

బయటికి వచ్చేముందు ఎముకలక్క ఒక్క అడుగు వెనకాగి, గొంతు తగ్గించి అడిగింది. "ముందునుంచీ వచ్చి ఉంటే?"

"అలా ఖాయంగా చెప్పలేమండీ. జబ్బు దాని దారిన అది పోతుంది. కాకపోతే ఇంత తొందరగా జారేది కాదేమో." ఆ పిల్ల పుస్తకం మూసింది. "పోయిందాన్ని తేలేం. ఉన్నదాన్ని నిలుపుకుందాం. ప్రతి వారం తీసుకురండి."

నడవాలో గోడకి ఆనించి ఒక చెక్క బెంచీ ఉంది. వదిన దానిమీద కూర్చుని, తెల్లటి మట్టి అంటుకున్న వేళ్ళని చేతిగుడ్డతో తుడుచుకుంటోంది. ఎముకలక్క పక్కన కూర్చుంది. తలుపులోంచి లోపలికి వెళ్ళే మనుషులు, బయటికి వచ్చే మనుషులు. ఎవరూ వాళ్ళని చూడట్లేదు.

"వదినా. హాల్లో ఆ జాబితా ఉంది చూశారా, మూసుకుపోయేది."

"ఊఁ."

"అది చేసింది నేనే."

వదిన తుడుచుకోవడం ఆపలేదు. "నువ్వు ఆసుపత్రికెప్పుడు పనిచేశావ్?"

"ఆసుపత్రికి కాదు. ఆ నీలం రంగు, ఆ అక్షరాలు వాళ్ళవి. తెరుచుకోవడం, మూసుకోవడం నావి. ఎవరికైనా పనికొచ్చేలా చేసి పెడతాం, వాళ్ళు తీసుకెళ్ళి వాడుకుంటారు. సోమవారం చూడగానే పోల్చుకున్నాను."

"సోమవారమా?"

"సోమవారమే. చెప్పలేకపోయాను."

వదిన చేతిగుడ్డ ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి గుడ్డమీద సన్నగా అదురుతోంది. "అయితే... నా చెయ్యి కాదా?"

"చెయ్యి వణికింది. వణికినా ఆ జాబితా ఆగాలి. ఆగేలా చేయొచ్చు, అర సెకను పని. చేయమని ఒకాయన అప్పుడే రాశాడు. నేను వద్దన్నాను."

"ఎందుకు వద్దన్నావ్?"

మేనేజరుకి చెప్పగలిగిన కారణాలు, కొనుగోలుదార్లు, వేగం, అన్నీ ఉన్నాయి. ఆ చేతిని చూస్తూ అందులో ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"ఆలోచించలేదు వదినా."

వదిన చాలాసేపు తన కుడిచేతికేసి చూసింది. పరాయివాళ్ళ బిడ్డని అన్యాయంగా కొట్టి, తర్వాత సంగతి తెలిసినవాళ్ళు చూసినట్టు చూసింది. ఎడం అరచేత్తో దాని వెనకభాగాన్ని నెమ్మదిగా రాసింది.

"దీన్ని ఎన్ని తిట్లు తిట్టానో," అంది. "ఒకరోజు బస్సులో గిల్లాను కూడా. పైకి కనబడకుండా సంచి చాటున. కందిపోయింది."

ఎముకలక్క చెయ్యి చాపి వదిన మోచేతిమీద వేయబోయింది. వదిన లేచి నిలబడింది.

"నువ్వు మా ఇంటికొచ్చి పదకొండేళ్ళు. నీకు ఆఫీసులో ఏం పనని ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అనేదాన్ని. నాకెప్పుడూ అర్థం కాలేదు. చూపించమంటే చూపించడానికి ఏమీ లేదనేదానివి." సంచి భుజానికి తగిలించుకుంది. "ఇప్పుడు అర్థమైంది."

గొంతులో కోపం లేదు. ఎప్పటి గొంతే. మూడు నెలలుగా రోజూ తన చేతిమీద కోప్పడి కోప్పడి, ఇప్పుడు ఆ కోపాన్ని దానిమీంచి తీసి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టుంది.

"వచ్చే వారానికి చీటీ తీసుకోవాలి," అని హాలువైపు నడిచింది.

ఎముకలక్క వెనకే పరుగులాంటి నడకతో వచ్చి, నీలం చొక్కా సహాయకుణ్ణి వెతికి పట్టుకుంది. "ఇక్కడ కీబోర్డులు ఉండేవా బాబూ?"

"ఉండేవండీ. జనం ఏది పడితే అది నొక్కేస్తున్నారని తీయించారు. అల్మారాలో ఉన్నాయి."

"ఒక్కటి పెట్టండి. చెయ్యి వణికేవాళ్ళకి మౌస్ పనిచేయట్లేదు. కీబోర్డుతో పనిచేస్తుంది. మూడే మీటలు."

అతను అనుమానంగా చూశాడు. వదినని చూశాడు. సోమవారం సంగతి అతనికి గుర్తొచ్చినట్టుంది.

"మూడు మీటలతో అయిపోతుందా? రోజుకి పదిమందిని పక్కకి జరగమంటాను నేను. నాకేమన్నా సరదానా అండీ?" అంటూ తాళాలు తీసుకుని వెళ్ళాడు. దుమ్ముపట్టిన కీబోర్డు ఒకటి తెచ్చి, చొక్కా చేతితో తుడిచి, మూడో తెరకి తగిలించాడు.

ఎముకలక్క వంగి చూపించింది. "ఇది కిందికి, ఇది పైకి. కావలసినది రాగానే ఇది. మౌస్ ముట్టుకోకండి. తప్పు పోయినా వెనక్కి రావచ్చు. ఎంతసేపైనా మూసుకోదు."

వదిన చూపుడువేలు కింది బాణంమీద పెట్టింది. వేలు అదిరి ఒక్క నొక్కు నాలుగు నొక్కులైంది. ఎంపిక గుర్తు గబగబా నాలుగు వరసలు దిగి నిలబడింది. జాబితా తెరిచే ఉంది. వదిన వేలు వెనక్కి తీసుకుంది. జాబితా తెరిచే ఉంది. పైబాణం నొక్కింది, రెండు వరసలు ఎక్కింది. దాటిపోయింది. మళ్ళీ దిగింది.

ఎముకలక్కకి తెలియకుండానే ఆమె చెయ్యి కీబోర్డు వైపు చాచుకుంది.

"నువ్వు ఇక్కడ నిలబడకమ్మాయ్," అంది వదిన తెరకేసి చూస్తూనే. "నువ్వుంటే ఇంకా వణుకుతుంది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వరసలో ఉన్నవాళ్ళని దాటుకుంటూ, అద్దాల తలుపు తోసుకుని బయటికి వచ్చింది. మెట్లమీద కూర్చుంది. ఎండగా ఉంది. అద్దంలోంచి హాలు సగం కనిపిస్తోంది, సగంలో వీధి కనిపిస్తోంది. వదిన వీపు తెలుస్తోంది. వెనక వరస పెరుగుతోంది. ఒకాయన గడియారం చూసుకున్నాడు. నీలం చొక్కా అతను ఆయన దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. ఆయన పక్క తెరకి మారాడు.

పావుగంట గడిచింది. వదిన భుజాలు ఇప్పుడు బిగిసి లేవు. ఆమె పక్కకి ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు, ఆయన గడ్డం అదురుతోంది. వదిన ఏదో చెప్తూ కీబోర్డుమీద వేలు పెట్టి చూపిస్తోంది. ఆయన వంగి చూస్తున్నాడు. ఎముకలక్క లేచి, లోపలికి వెళ్దామా అనుకుని, మళ్ళీ కూర్చుంది.

వదిన బయటికి వచ్చేసరికి చేతిలో చీటీ ఉంది. దాన్ని చూపించలేదు. మెట్లు దిగుతుంటే మరదలు సంచి అందుకోబోయింది, వదిన భుజం మార్చుకుంది. బస్సు స్టాపు దాకా రెండడుగుల ఎడంతో నడిచారు.

బస్సులో జనం లేరు. వదిన ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుంది. ఎముకలక్క వెనక సీట్లో కూర్చుంది. ఆమెకి వదిన మెడ, నెరిసిన ముడి కనిపిస్తున్నాయి. రెండు స్టాపులు గడిచాయి.

"వచ్చే శుక్రవారం పదకొండింటికి," అంది వదిన వెనక్కి తిరక్కుండా. "నువ్వు రానక్కర్లేదు."

"సరే వదినా," అంది ఆమె.

బస్సు మలుపు తిరిగింది. వదిన సీటుమీదున్న సంచి జారబోతే ఎముకలక్క వెనకనుంచి చెయ్యి చాపి, వదినకి తెలియకుండా, ఇంటి దాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.